నాకు తెలుసు, నేను ఒప్పుకున్నాను

మా ఆయన జైలుకు వెళ్ళింది నాతో కాపురం చేసినందుకు. ఎవరైనా అడిగితే ఇలాగే చెబుతాను, చుట్టూ తిప్పి చెప్పే ఓపిక నాకు లేదు. దొంగతనం కాదు, తాగి కొట్లాట కాదు. నా ఇంట్లో, నా దుప్పటి కింద, నా ఇష్టంతో నాతో ఉన్నందుకు రెండున్నరేళ్ళు వేశారు. ఆ కేసులో బాధితురాలిని నేనే, సాక్షినీ నేనే. అసలు అతన్ని పట్టిచ్చిందే నేను. అదెలాగో చెప్పాలంటే బంగాళాదుంపల దగ్గర మొదలుపెట్టాలి.

గెనా మా ఊరి బాయిలర్ హౌసులో మెకానిక్కు. బెరెజినా నది ఒడ్డున మా ఊళ్ళో సగం ఇళ్ళకు వేడి నీళ్ళు వెళ్ళేది అతని చేతుల మీదుగానే. మిగతా సగం మాలాంటి కట్టెపొయ్యి ఇళ్ళు. నేను రొట్టెల ఫ్యాక్టరీలో ఓవెన్ల దగ్గర పని చేస్తాను. ఓవెన్ మొరాయించినప్పుడల్లా అతన్ని పిలిచేవాళ్ళు. ఓవెన్ బాగయ్యాక కూడా అతను కాసేపు అక్కడే తచ్చాడేవాడు. "మన ఓవెన్‌కి జబ్బేమీ లేదే తాయా, ఆ మెకానిక్కుకే ఏదో పట్టుకుంది" అని మా జోస్యా నన్ను ఏడిపించేది. జోస్యా నా పక్కన పిండి కలిపే మనిషి, నోటికి హద్దు లేదు.

ఒకరోజు మా ఇంటి పొగగొట్టం చూడ్డానికి వచ్చాడు. చూడ్డం అయ్యాక టీ పెట్టాను. కూర్చోమంటే కూర్చోలేదు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ముందు ఒక మాట విను. ఆ తర్వాత టీ పోస్తావో, తలుపు చూపిస్తావో నీ ఇష్టం."

"ఏంటంత పెద్ద మాట? పెళ్ళాం ఉందా?"

"లేదు. హెచ్‌ఐవి ఉంది."

పంతొమ్మిదేళ్ళప్పుడు తనూ స్నేహితులూ నలుగురు ఒకే సూదితో మత్తుమందు ఎక్కించుకున్నారట. అందులో ముగ్గురు ఇప్పుడు లేరు. తను ఆ తిక్కపనులు ఎప్పుడో మానేశాడు, పదేళ్ళుగా రోజూ మాత్ర వేసుకుంటున్నాడు. "ఆస్పత్రిలో సంతకం పెట్టించుకున్నారు. తెలిసి ఎవరికైనా ప్రమాదం తెస్తే జైలు. అందుకే ముందే చెబుతున్నా" అన్నాడు. మొహం మాత్రం అప్పటికే నేను తలుపు చూపించేసినట్టు పెట్టాడు.

మూడు రోజులు ఆలోచించాను. భయం వేయలేదంటే అబద్ధం. కానీ నాకు తెలిసిన మగాళ్ళలో ఎవడూ తనకున్న లోపం తాగకుండా, నిలబడి, నా కళ్ళలోకి చూసి చెప్పలేదు. నాలుగో రోజు బంగాళాదుంపల సంచి మోసుకుంటూ బాయిలర్ హౌసుకి వెళ్ళాను.

"తురమడం వచ్చా?" అన్నాను.

"మా ఊళ్ళో నా అంత బాగా ఎవరూ తురమలేరు" అన్నాడు.

నిజమే. ఆ రోజు నుంచి మా ఇంట్లో బంగాళాదుంప అట్లు అతని పని. తురుముపీట సన్న పళ్ళ వైపు తురిమేవాడు, అతి వేగంగా. గాలి తగిలితే తురుము నల్లబడుతుందని కంగారు. "పెనం పెట్టు, పెనం పెట్టు, నల్లబడిపోతోంది" అని గోల చేసేవాడు. నేను కావాలనే ఆలస్యం చేసేదాన్ని. అతను విసుక్కుంటూ వచ్చి, ఆ తడి చేతులతోనే నన్ను నడుం పట్టుకుని లాగేవాడు. ఆ తర్వాత ఎవరి కంగారూ ఉండేది కాదు. మేం కలిసి బతికిన ఆ రెండేళ్ళలో నల్లబడిన తురుముతో ఎన్ని అట్లు తిన్నామో నాకే తెలుసు. చూపుకి బాగుండవు. రుచిలో ఏ తేడా ఉండదు.

నాకు ముప్ఫై ఎనిమిది నిండాయి. బిడ్డ కావాలనిపించింది. మా వాళ్ళకు ఒక అలవాటుంది. పెంచుకునే కుక్క దగ్గర్నుంచి చచ్చేవాడి సమాధి దాకా, ఏది తలపెట్టినా ముందు ఆఫీసుకు వెళ్ళి అడిగొస్తాం. తప్పు చేసేవాళ్ళు అడగరు, మనం మంచి పనే చేస్తున్నాం కదా, అడిగితే పోయేదేముంది అనుకుంటాం. గెనా వద్దన్నాడు. "అడక్కు తాయ్‌కా. అడిగితే రాస్తారు" అన్నాడు. నేను వినలేదు. సెలవు రోజు మంచి గౌను వేసుకుని, మా ఓవెన్ రొట్టె ఒకటి సంచిలో పెట్టుకుని, అంటురోగాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఇరాయిదా పావ్లోవ్నా గెనాను ఇరవై ఏళ్ళుగా చూస్తున్న డాక్టరు. రొట్టె తీసుకుని సంతోషించింది. అతని రక్తంలో ఆ క్రిమి ఇప్పుడు పరీక్షకు కూడా దొరకనంత తక్కువగా ఉందని, నాకు అంటదని, బిడ్డను కనొచ్చని చెప్పింది. నా రక్తం కూడా తీసి చూసింది. ఏమీ లేదు. నేను గాల్లో తేలిపోతున్నాను. అప్పుడు ఆవిడ ఒక ఫారం తీసింది.

"ఎవరితో ఉంటున్నావో రాయాలి."

"రాయండి. గెనాతో. దాచేదేముంది?"

రాసింది. కింద సంతకం పెట్టాను. సంతకం పెట్టాక, నా పాడు బుద్ధి ఊరుకోలేదు. గెనా నన్ను మోసం చేశాడని ఎవరైనా అనుకుంటారేమోనని, పక్కన ఖాళీ ఉంటే నా చేత్తో నేనే ఇంకో వాక్యం రాశాను: 'అతను మొదటి రోజే చెప్పాడు. నాకు తెలుసు, నేను ఒప్పుకున్నాను.' ఇరాయిదా పావ్లోవ్నా కళ్ళద్దాల పైనుంచి చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది. ఆవిడ ఆ రోజు ఏం అనబోయిందో చాలా కాలం తర్వాత అడిగాను. "రాయకే పిచ్చిదానా అనబోయాను" అంది. "అనుంటే నా ఉద్యోగం పోయేది."

ఆ ఫారం నకలు ఒకటి పోలీసులకు వెళ్ళాలి. అది రూలు. ఎవరూ ఫిర్యాదు చేయక్కర్లేదు. అప్పట్లో ఆ చట్టం అంతే. తనకు జబ్బుందని తెలిసినవాడు ఇంకొకరిని ప్రమాదంలో పెడితే నేరం. అంటిందా లేదా అన్నది అడగదు. ఆ ఇంకొకరికి తెలుసా, వాళ్ళకు ఇష్టమేనా అన్నది అసలే అడగదు. మేం కాపురం చేస్తున్నామన్న దానికి నా సంతకం ఒక్కటే సాక్ష్యం. గెనా తప్పు లేదని నేను రాసిన వాక్యమే, తప్పు జరిగిందని చెప్పడానికి సరిపోయింది.

ఆ కేసు చూసిన కుర్ర పోలీసు అధికారి, కపితాన్, మా వంటింట్లోనే కూర్చుని నన్ను ప్రశ్నలు అడిగాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి పాపం, నన్ను కాగితాల్లో ఉన్న పూర్తి పేరుతో పిలిచాడు.

"తైసియా మిఖైలోవ్నా, వారానికి ఎన్నిసార్లు... అంటే..."

"మీ ఆవిడనడుగు నాయనా. ఆవిడకైతే లెక్క గుర్తుంటుంది, తక్కువ కదా."

అదీ రాసుకున్నాడు కాబోలు. అక్టోబరులో, దుంపలు తవ్వి నేలమాళిగలో పోసిన మర్నాడు, గెనాను తీసుకెళ్ళారు. వెళ్ళే ముందు మా పద్ధతి ప్రకారం గుమ్మం దగ్గర స్టూలు మీద ఒక్క క్షణం కూర్చున్నాడు. తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు కూడా కూర్చున్నారు. నలుగురం అలా, ఏదో తీర్థానికి వెళ్తున్నట్టు.

కోర్టులో నన్ను ప్రాసిక్యూటరు వైపు కూర్చోబెట్టారు. నేను బాధితురాలిని కదా.

"నేను బాధితురాలిని కాదు" అన్నాను లేచి.

"బాధితురాలు కూర్చోవాలి" అంది జడ్జి.

చివర్లో, బాధితురాలు కోరుకునేది ఏమైనా ఉందా అని అడిగింది. ఉంది అన్నాను. "ఆయన్ని నాకిచ్చేయండి." వెనక బెంచీలో జోస్యా ఏడ్చిన చప్పుడు వినిపించింది. గెనా మాత్రం నా వైపు చూడలేదు. ఆ రోజు నుంచి అతను నన్ను చూసే తీరే మారిపోయింది. ముట్టుకుంటే పేలే వస్తువును చూసినట్టు చూసేవాడు.

ఇంటికొచ్చి ఒట్టు పెట్టుకున్నాను, ఇంక జన్మలో ఏ కాగితం మీదా సంతకం పెట్టనని. పోస్టాఫీసులో పార్సిల్ కట్టినా సంతకం జోస్యాదే. "ఇంకొన్నాళ్ళు పోతే నీ చావు కాగితం మీద కూడా నేనే పెట్టాలే" అని తిట్టేది. ఫ్యాక్టరీలో నన్ను ఓవెన్ల దగ్గర్నుంచి తీసేసి, ఖాళీ పెట్టెలు కడిగే చోట వేశారు. నా రక్తంలో ఏమీ లేదని కాగితం చూపించినా వేశారు. కడిగాను. నాకు రొట్టె వాసన కంటే ఎక్కువగా కావాల్సింది ఇంకొకటుంది, అది ఆరు గంటల ప్రయాణం అవతల ఉంది.

గెనాను పెట్టిన జైలును కాలనీ అంటారు. ఆ కాలనీలో ఖైదీని గాజు అద్దం వెనక చూడ్డానికి ఎవరైనా వెళ్ళొచ్చు. కానీ నాలుగు నెలలకొకసారి మూడు రోజులు ఒకే గదిలో ఉండాలంటే కట్టుకున్న పెళ్ళామే అయ్యుండాలి. మేమా, ఆఫీసులో పెళ్ళి రాయించుకోలేదు. అందుకని మార్చిలో కాలనీలోనే పెళ్ళి చేసుకున్నాం. రిజిస్టరు తెచ్చినావిడ చలికోటు కూడా విప్పలేదు. పెన్ను పట్టుకుని నేను అంతసేపు కదలకుండా నిలబడేసరికి, "ఏమ్మా, ఇష్టం లేదా?" అంది. ఇష్టమే లేకపోతే ఇంత దూరం ఎందుకొస్తాను? ఒట్టు తీసి గట్టున పెట్టి సంతకం చేశాను.

జూన్‌లో మొదటి మూడు రోజులు ఇచ్చారు. ఇక్కడే నాకు నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. నాతో పడుకున్నాడని జైల్లో పెట్టిన ప్రభుత్వమే, నాతో పడుకోమని మంచం వేసి, దుప్పటి పరిచి, బయట నుంచి తలుపు వేసింది. కిటికీ అద్దానికి తెల్ల రంగు పూశారు. గదులన్నిటికీ కలిపి ఒక వంటిల్లు. అందులో తురుముపీటను గొలుసుతో గోడకు కట్టారు.

దుంపలు తీసి బల్ల మీద పోశాను. "రా, నీ పని" అన్నాను.

గెనా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చిక్కిపోయాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వే తురుము."

"ఎందుకు?"

"చెయ్యి గీసుకుంటే?"

నేనే తురిమాను. నాకు ఆ పని చేతకాదు, పైగా గొలుసు అడ్డం. వేలి కణుపులు చెక్కుకుపోయాయి. నా నెత్తురు చూసి అతను ముందుకు రాబోయి, అడుగు దూరంలో ఆగిపోయాడు. కట్టు కట్టడానికి గుడ్డ కూడా దూరం నుంచే అందించాడు.

"డాక్టరు అంటదని చెప్పింది కదా గెనా."

"డాక్టరు చెప్పింది. జడ్జి చెప్పలేదు."

"ఇప్పుడు నీ పెళ్ళాన్ని. ఈ గది వాళ్ళే ఇచ్చారు."

"ఆ ఫారం కూడా వాళ్ళే ఇచ్చారు" అన్నాడు. తర్వాత మెల్లగా, "నీకు మళ్ళీ పరీక్ష చేస్తారు. ఏదైనా తేడా వచ్చిందా, ఈసారి ఏడేళ్ళు. ఏడేళ్ళు అయ్యాక నువ్వెంత, నేనెంత? నన్ను బతిమాలకు తాయ్‌కా. నాకు నీ పక్కన పడుకోవాలని ఎంతుందో నీకు తెలీదు" అన్నాడు.

తెలీకపోవడమేమిటి! ఆ మూడు రోజులూ మేం చెరో మంచం మీద కూర్చుని మాట్లాడుకున్నాం. బాయిలర్ గురించి, జోస్యా గురించి, పొగగొట్టం గురించి. చెయ్యి చాపితే అందేంత దూరంలో అతని మోకాలు ఉండేది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. అంత ఆకలి నాకు నా జీవితంలో వేయలేదు. మనిషి ఎదురుగా లేనప్పుడు తట్టుకోవచ్చు, నేర్చుకుంటాం. ఎదురుగా ఉండి లేకపోతే ఏం చేయాలో ఎవరూ నేర్పరు. అట్లు తెల్లగా, పచ్చిదనం లేకుండా, చక్కగా వచ్చాయి. ఆలస్యం చేయించేవాడు లేక, తురుము ఒక్కసారి కూడా నల్లబడలేదు. బస్సులో తిరిగి వస్తూ అది తలుచుకుని ఏడ్చాను.

అక్టోబరులోనూ అంతే, ఫిబ్రవరిలోనూ అంతే. ఫిబ్రవరిలో అతను మంచం కూడా ఎక్కలేదు, కోటు పరుచుకుని కింద పడుకున్నాడు.

రెండో వేసవిలో ఇరాయిదా పావ్లోవ్నా మా ఫ్యాక్టరీకే వచ్చింది. పెట్టెలు కడిగే చోటికి, ఆ మడుగులో చెప్పులు తడుపుకుంటూ. చట్టంలో ఒక వాక్యం చేర్చారట. ఎదుటి మనిషికి ముందే తెలిసి, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే నేరం కాదు. పాత కేసులు కూడా మళ్ళీ చూడమని అడగొచ్చు. కాకపోతే ముందే తెలుసనీ, ఒప్పుకున్నాననీ రుజువు కావాలి, అదీ అరెస్టుకు ముందు నాటిది.

"అలాంటి కాగితం నా దగ్గర ఎక్కడుంది?" అన్నాను.

"నీ దగ్గర లేదు" అంది ఆవిడ. "కోర్టు ఫైల్లో ఉంది. ఇరవై మూడో కాగితం. నీ పిచ్చి చేతిరాత."

ఏ కాగితం అతన్ని లోపలికి పంపిందో అదే బయటికి తెచ్చింది. అదే జడ్జి, అదే వాక్యాన్ని అదే గొంతుతో పైకి చదివింది, ఈసారి వేరే తీర్పు చెప్పింది. శిక్షలో ఇంకా ఏడు నెలలు మిగిలి ఉండగా, సెప్టెంబరులో గెనా ఇంటికి వచ్చాడు. క్షమించమని ఎవరూ అనలేదు. అలా అనే అలవాటు మా దగ్గర లేదు.

నేను అట్లు, బీట్‌రూట్ సూపు, సోపాకు వేసి ఊరబెట్టిన దోసకాయలు, అన్నీ బల్ల మీద పెట్టాను. అతను గుమ్మం దగ్గర స్టూలు మీదే కూర్చున్నాడు. సంచిలోంచి ఒక స్కూలు నోట్‌బుక్ తీశాడు. కొత్తది. రైలు స్టేషన్‌లో కొన్నాడట. మోకాలి మీద పెట్టుకుని, మొదటి పేజీలో ఒత్తి ఒత్తి రాశాడు: 'నా జబ్బు సంగతి నా భార్య తైసియాకు చెప్పాను.' తేదీ వేసి, పెన్ను నా వైపు చాపాడు.

"ఏంటిది?"

"కింద నువ్వు రాయి. అప్పుడు రాసిందే."

"గెనా, నేను నీ పెళ్ళాన్ని. ఆఫీసుని కాదు."

"తెలుసు. అయినా రాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నోట్‌బుక్‌ను అతని మొహాన కొట్టాలనిపించింది. అతని చెయ్యి చూశాను. పెద్ద పెద్ద బాయిలర్ల బోల్టులు విప్పిన చెయ్యి, పెన్నును ఇంకా నా వైపే చాపి ఉంది. నా కోపం అతని మీద కాదు. ఎవరి మీద కోపమో వాళ్ళు ఈ గదిలో లేరు. పెన్ను తీసుకుని రాశాను: నాకు తెలుసు, నేను ఒప్పుకున్నాను. సంతకం చేశాను. అతను రెండుసార్లు చదివాడు, నోట్‌బుక్ సొరుగులో పెట్టాడు. అప్పుడు వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. రెండేళ్ళ తర్వాత అది మొదటిసారి.

ఒక కాగితం ఒక్క రోజుకే చెల్లుతుందని అతని నమ్మకం. మర్నాడు ఇంకో పేజీ. ఆ మర్నాడు ఇంకోటి. పేజీ రాయని రోజు పక్క గదిలో పడుకునేవాడు. జోస్యాకు చెప్తే నవ్వి, "కొందరి మొగుళ్ళు పూలు తెస్తారే, మీ ఆయన దస్తావేజులు తెస్తాడు" అంది. తర్వాత నవ్వడం ఆపి నన్ను వాటేసుకుంది. సంతకం చేసిన రోజు అతను పక్కన ఉండేవాడు, జాగ్రత్తగా, మర్యాదగా, అప్పు తెచ్చుకున్న వస్తువును వాడినట్టు. నాకు ఆ మర్యాద వద్దు. నన్ను అడక్కుండా తడి చేతులతో లాగే మనిషి కావాలి. మనిషి ఇంటికొచ్చాడు గానీ, నేను ఎదురుచూసినవాడు ఇంకా దారిలోనే ఉన్నాడు. ప్రతి సాయంత్రం సొరుగు తీసి నోట్‌బుక్ బల్ల మీద పెట్టేదాన్ని, ఇవాళ వద్దంటాడేమోనని చూసేదాన్ని. అనేవాడు కాదు.

నవంబరులో ఒక శనివారం, మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటికి వచ్చాను. నన్ను మళ్ళీ ఓవెన్ల దగ్గర వేశారు, సంచిలో రొట్టె ఇంకా వెచ్చగా ఉంది. పొద్దుటి నుంచి ముసురు. ఇంట్లో పొయ్యి భగభగా మండుతోంది. గెనా స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య గిన్నె పెట్టుకుని, దుంపలు తురుముతున్నాడు. జైలు నుంచి వచ్చాక అతను తురుముపీట ముట్టుకోవడం అదే మొదలు. నేనేమీ అనలేదు. అంటే ఆపేస్తాడేమోనని భయం. కోటు విప్పి, అలవాటు కొద్దీ సొరుగు తీశాను. నోట్‌బుక్ లేదు.

"నోట్‌బుక్ ఏదీ?"

"పొయ్యి అంటుకోలేదు" అన్నాడు తలెత్తకుండా. "పేపర్లన్నీ తడిసిపోయాయి."

"మొత్తం కాల్చేశావా?"

"అట్ట మిగిలింది. కావాలా?"

నేను ఈ రెండు నెలలూ చేసిన సంతకాలన్నీ ఆ పొయ్యిలో ఉన్నాయి. ఇల్లంతా వెచ్చగా ఉంది. గెనా చివరి దుంప తురిమి, తురుముపీట పక్కన పెట్టి, నా వైపు చూశాడు. కోర్టుకు ముందు ఎలా చూసేవాడో అలా.

"అలా నిలబడతావేంటి? పెనం పెట్టు, నల్లబడిపోతోంది" అన్నాడు.

నేను కదల్లేదు. అతను విసుక్కుంటూ లేచి వచ్చాడు. చేతులు తుడుచుకోలేదు.

ఆ తురుము చీకటి పడేదాకా బల్ల మీదే ఉండిపోయింది. బొగ్గులా నల్లబడింది. దాన్నే వేయించుకుని తిన్నాం.